గోరింటాకుకు రెండొందల ఫైను, వరండాలో మూడు పీరియడ్లు: పాప స్కూలుకు పోనంటోంది

ప్రశ్న: మేడమ్, మాది తిరుపతి, కొర్లగుంట. మా పాప ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. ఆషాఢం కదా అని మా అమ్మ చిత్తూరు నుంచి వచ్చి, రోట్లో రుబ్బి రెండు చేతులకూ గోరింటాకు పెట్టింది. సోమవారం ప్రేయర్‌లో పీఈటీ సార్ అందరి చేతులూ చాపించి చూసి, మా పాపనూ ఇంకో ఇద్దరినీ పక్కకు తీసి మూడు పీరియడ్లు వరండాలో నిలబెట్టారు. డైరీలో "ఫైను రూ.200, రంగు పోయిన తర్వాతే రావలెను" అని రాశారు. మర్నాడు మా ఆయన పోయి ఆఫీసు రూములో గట్టిగా అరిచి, అదంతా వీడియో తీసి క్లాసు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇప్పుడు గ్రూపంతా అదే రచ్చ, మన సంప్రదాయాన్ని అవమానించారని కొందరు, స్కూలుదే కరెక్టని కొందరు. మా అత్త "రూలంటే రూలే, రెండొందలు కట్టేసి రండి" అంటుంది. మా ఆయన టీసీ తీసుకుందాం, కేసు వేద్దాం అంటారు. పాప నాలుగు రోజులుగా స్కూలుకు పోనని కూర్చుంది. దీనికి తోడు ఈ ఏడాదే యూనిఫాం మార్చారు, వాళ్లు చెప్పిన షాపులోనే కొనాలన్నారు, రెండు జతలు, బూట్లు, టై, బెల్టు అన్నీ కలిపి 6,400 అయింది. ఆ కోపమూ లోపల ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు గొడవలు ఒకే మూటలో కట్టి పంపారు. గోరింటాకు, వరండా, మీ ఆయన వీడియో, ఆ 6,400. నాలుగింటినీ ఒకే బకెట్లో నానబెడితే ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకోక ఏమవుతుంది, మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. విడదీసి ఉతుకుదాం.

ముందు పాప. మీ ఉత్తరంలో అత్తగారి మాట ఉంది, ఆయన మాట ఉంది, గ్రూపులో వాళ్ల మాట కూడా ఉంది. పాప అన్నది "పోను" అన్న ఒక్క మాటే ఉంది. ఎందుకు పోనంటోందో కూర్చోబెట్టి ఎవరైనా అడిగారా? మీరు అడిగే ఉంటారు, కానీ గొడవ మధ్యలో, నాన్న ఫోన్ పట్టుకుని పక్కనే తిరుగుతుంటే అడిగి ఉంటారు. అట్లా అడిగితే ఏ పిల్లా చెప్పదు.

నా అనుమానం చెబుతాను, తప్పయితే కొట్టెయ్యండి. వరండాలో నిలబడటం కష్టమే, అవమానమే, కాదనను. కానీ అక్కడ పాప ఒక్కతే లేదు, ఇద్దరు తోడున్నారు, ఆ మూడు పీరియడ్లలో ఎవరి చెయ్యి ఎక్కువ ఎర్రగా పండిందో పోల్చుకునే ఉంటారు కూడా, పిల్లలు పిల్లలే. పాప తట్టుకోలేకపోయింది మర్నాటి సంగతి అనుకుంటాను. నాన్న అరుస్తుంటే స్కూలంతా విన్నది. సాయంత్రానికి ఆ వీడియో ప్రతి అమ్మ ఫోన్‌లోకీ చేరింది, అమ్మ ఫోన్‌లో ఉందంటే పిల్లల చేతిలో ఉన్నట్టే కదా. ఆ క్లాసులో అడుగు పెడితే తను ఇకమీద "వీడియో వాళ్ల పాప". పన్నెండేళ్ల వయసులో దీనికంటే పెద్ద శిక్ష ఏ పీఈటీ సారూ వెయ్యలేడు.

కాబట్టి మొదటి పని మీ ఆయనది, అదీ ఈ రాత్రికే. గ్రూపులోంచి వీడియో తీయించాలి. ఇన్ని రోజులయ్యాక ఆయన ఫోన్ నుంచి అందరికీ డిలీట్ కాకపోవచ్చు, అడ్మిన్‌ను అడిగి చూడండి, అదీ కుదరకపోతే "మా పాప ఇబ్బంది పడుతోంది, దయచేసి ఎవరూ ఫార్వర్డ్ చెయ్యొద్దు" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకోమనండి. వివరణలు వద్దు, మళ్లీ వాదన వద్దు. తర్వాత పాప దగ్గరికి పోయి "నీ కోసమే పోయాను గాని నిన్ను అడక్కుండా పోయాను" అని ఆయన చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. చెప్పలేకపోతే కనీసం పక్కన కూర్చోమనండి. మగవాళ్లకు ఈ మాట నోట్లోంచి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఒకరున్నారు.

ఇక గోరింటాకు. "రంగు పోయిన తర్వాతే రావలెను" అని రాసినవాళ్లకు గోరింటాకు గురించి ఏమీ తెలియదు. ఆ ఆకులో లాసోన్ అనే పదార్థం ఉంటుంది, అది చర్మంలోనూ గోళ్లలోనూ ఉండే కెరాటిన్‌ను పట్టుకుంటుంది. పైన పూసిన రంగయితే సబ్బుతో పోతుంది, ఇది పట్టుకున్న రంగు. అరచేతి పైచర్మం అరిగి ఊడే కొద్దీ వారానికో, పది పదిహేను రోజులకో వెలుస్తుంది. గోళ్ల సంగతి ఇంకా దూరం. చేతి గోరు నెలకు 3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది, మొదట్లో పండిన రంగు కొసదాకా వచ్చి కత్తిరించుకునేసరికి నాలుగు నెలలు దాటుతుంది. ఆ డైరీ రాతను అక్షరాలా పాటించాలంటే పాప దీపావళి సెలవులు అయిపోయాక స్కూలుకు పోవాలి! ఈ లెక్క ప్రిన్సిపాల్ ముందు నవ్వుతూ చెప్పండి, అరవాల్సిన పని లేదు. నిమ్మకాయతోనో బ్లీచింగుతోనో రుద్ది పోగొట్టాలని మాత్రం చూడకండి, చర్మం మండడం తప్ప లాభం లేదు.

మీ అత్తగారి మాటలో కూడా కొంత నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. నేను 31 ఏళ్లు చిత్తూరు చుట్టుపక్కల జెడ్పీ హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. యూనిఫాం అంటే నాకు ఇష్టమే. ఉన్న రెండు జతలనే మార్చి మార్చి వేసుకొచ్చే పిల్ల, పుట్టినరోజుకు మూడు వేల గౌను వేసుకొచ్చే పిల్ల పక్కన కూర్చోవాల్సినప్పుడు, మిగతా 200 రోజులు ఇద్దరూ ఒకే రంగులో ఉండటం చిన్న విషయం కాదు. లీలామహల్ సెంటర్లో రోడ్డు దాటే పిల్లను బస్సు డ్రైవరు దూరం నుంచే గుర్తుపడతాడు. ఉదయం ఏ డ్రెస్ వెయ్యాలన్న రామాయణం ఉండదు. బుధవారం, శనివారం తెల్ల డ్రెస్సు, తెల్ల కాన్వాస్ బూట్లు అన్నప్పుడు మాత్రం నాకు కోపమొస్తుంది, ఎందుకంటే ఆ బూట్లకు శుక్రవారం రాత్రి చాక్‌పీసు అరగదీసి పూసేది ఎవరో నాకు తెలుసు, ఆ రూలు రాసిన కరస్పాండెంటు గారు మాత్రం కాదు.

అందుకని రూలు ఉండటం తప్పంటే నేను మీతో రాను. ఆ రూలు తప్పినందుకు పిల్లకు పాఠం లేకుండా చెయ్యడం తప్పంటే మీతోనే ఉంటాను. లెక్కల పీరియడ్ పోయింది, సైన్స్ పోయింది, ఇంకోటేదో పోయింది, దేనికి, చేతులు ఎర్రగా ఉన్నందుకు. చేతులు ఎర్రగా ఉంటే పెన్ను పట్టుకోవడం రాదా?

ఈ మాట అనే హక్కు నాకు ఊరికే రాలేదు. ఇరవై ఏళ్ల కిందట నేనూ ఈ పనే చేశాను. కార్తీకమాసం వానలు, మన వైపు అసలు వానలన్నీ అప్పుడే కదా, నాలుగు రోజులుగా ముసురు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు నీలం నిక్కరు బదులు వాళ్లన్న ప్యాంటు వేసుకొచ్చాడు, కింద నాలుగు మడతలు పెట్టుకుని, నడుముకు పురికొస కట్టుకుని. క్లాసంతా నవ్వింది. అప్పట్లో హెడ్మాస్టరు యూనిఫాం విషయంలో పట్టుదలగా ఉండేవారు, క్లాసు టీచర్లను సంజాయిషీ అడిగేవారు. నేను వాణ్ని బయట నిలబెట్టాను. వాడేమీ అనలేదు, ఆ పురికొస పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు ప్రేయర్ కాకముందే వాళ్లమ్మ వచ్చింది. డెయిరీలో పాలు పోసి అట్లే వచ్చినట్టుంది, ఖాళీ క్యాను చంకలో ఉంది. రెండో చేతిలో ఆ నీలం నిక్కరు. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. నిక్కరు నా ముందుకు చాపి "ఆరలేదు మేడమ్, ముట్టి చూడండి" అన్నది. అంతే. నేను ముట్టుకున్నాను. ఉడికే అన్నం గిన్నె మూత మీద వేసి ఆరబెట్టినట్టుంది, కాళ్ల దగ్గర వెచ్చగా ఉంది, నడుము పట్టీ దగ్గర మాత్రం ఇంకా చల్లగా తగిలింది. వాడికి ఉన్నది ఆ ఒక్కటే. ఏమన్నానో ఇప్పుడు గుర్తు లేదు, సరిగ్గా ఏమీ అనలేదనుకుంటా. సర్కారు బడి పిల్లలకు 2020లో విద్యాకానుక కింద మూడు జతల గుడ్డ, బూట్లు, బెల్టు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఇప్పుడు విద్యార్థి మిత్ర అని పేరు మార్చి ఇస్తున్నారు, పార్టీల సంగతి వదిలెయ్యండి, నాకు గుర్తొచ్చింది ఆ నడుము పట్టీయే.

ఇది ఎందుకు చెప్పానంటే, ఆ తల్లి చేసిన పని మీరూ చెయ్యగలరు. ఆమె నన్ను ఓడించడానికి రాలేదు, నాకు తెలియనిది ఒకటి నా చేతికి ఇచ్చి పోయింది. మీ పీఈటీ సారుకు గోరింటాకు సంగతి తెలియకపోవచ్చు, తెలిసినా గేటు దగ్గర నిలబడి చేతులు చూడమని ఆయనకు పైనుంచి చెప్పి ఉంటారు. చూడకపోతే ఆయనకు చీవాట్లు. ప్రైవేటు స్కూలు పీఈటీ జీతం ఎంతో కనుక్కోండి, ఆయన మీద కోపం కొంత తగ్గుతుంది. మాట్లాడాల్సింది ప్రిన్సిపాల్‌తో, కరస్పాండెంట్‌తో.

అట్లాగని చట్టం మీవైపు లేదనుకోకండి. విద్యాహక్కు చట్టం, 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 17వ సెక్షన్ పిల్లలకు శారీరక దండన గాని మానసిక వేధింపు గాని కూడదని చెబుతుంది, చేసినవాళ్ల మీద సర్వీసు రూల్స్ ప్రకారం చర్య ఉంటుందంటుంది. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లను బడి నుంచి తీసెయ్యకూడదు, అంటే "ఇష్టం లేకపోతే టీసీ తీసుకుపోండి" అన్న బెదిరింపుకు మీరు భయపడాల్సిన పని లేదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు, ఎనిమిదో తరగతి వరకు ఈ చట్టం, మీ పాప ఏడు కాబట్టి లోపలే ఉంది. ఒక్క మెలిక ఉంది. మీది మైనారిటీ యాజమాన్యం స్కూలయితే ఈ చట్టం వాటికి వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, అది ముందే కనుక్కోండి, లేకపోతే ఆఫీసు రూములో సెక్షన్లు చదివి చిన్నబోతారు. చట్టం కాయితం ఎట్లా ఉన్నా, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఏ స్కూలు పిల్లకైనా పనిచేస్తుంది. బడుల్లో దండన కూడదని మన రాష్ట్రంలో 2002లోనే జీఓ వచ్చింది, అప్పుడు మా స్టాఫ్ రూములో బెత్తాలు బీరువా మీదికెక్కాయి, బయట నిలబెట్టడం మాత్రం దండన కిందికి రాదని మేమే మాకు చెప్పుకున్నాం. నలుగురూ చూస్తుండగా పిల్లను గంటలకొద్దీ నిలబెట్టడం మానసిక వేధింపే అని ఇప్పుడు నేనంటాను.

సరే, స్కూలుకు పోయే ముందు ఒక పని చెయ్యండి. డైరీలో మొదటి నాలుగైదు పేజీలు ఇంగ్లీషులో రూల్స్ ఉంటాయి, ఎవరమూ చదవం, కింద సంతకం మాత్రం పెట్టేసి ఉంటాం. వాటిని చదవండి. గోరింటాకు, మెహందీ అన్న మాట అందులో ఉందా లేదా చూసుకోండి. ఉంటే మీ వాదన సగం తగ్గుతుంది, తగ్గినా పరవాలేదు. లేకపోతే అదే మీ మొదటి వాక్యం. తర్వాత అపాయింట్‌మెంట్ అడిగి, ఇద్దరూ కలిసి పొండి, మాట్లాడేది మీరు, ఆయన పక్కన కూర్చుంటారు. పాపను తీసుకుపోవద్దు. ఫోన్ రికార్డింగులు వద్దు. పోయేటప్పుడు ఒక కాయితం రాసుకుని పోయి, ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద రిసీవ్డ్ అని స్టాంపు వేయించుకోండి. నేనయితే ఇట్లా రాస్తాను:

"మా పాప ఫలానా తేదీన గోరింటాకు కారణంగా మూడు పీరియడ్లు క్లాసు బయట నిలబడింది. గోరింటాకు పెట్టుకోకూడదన్న నియమం మీరిచ్చిన డైరీలో మాకు కనపడలేదు. ఉంటే చూపించండి, ఇకమీద పాటిస్తాము. ఈ రంగు కడిగితే పోయేది కాదు, కనుక పాపను క్లాసులో కూర్చోనివ్వగలరు. డ్రెస్ విషయంలో ఎప్పుడు ఏ పొరపాటున్నా మాకు ఫోన్ చెయ్యండి, దాని కోసం పాపను క్లాసు నుంచి బయటికి పంపవద్దు. ఫైను ఏ నియమం కింద వేశారో తెలిపి, రసీదు ఇవ్వగలరు."

ఇంతే. ఇందులో తిట్టు లేదు, బతిమాలడం లేదు. రసీదు అన్న మాటను మాత్రం వదలొద్దు. రసీదు లేని ఫైన్లు చాలావరకు రసీదు అడిగిన రోజే ఆవిరైపోతాయి, ఇది నేను తల్లిగా చూసింది, మా అబ్బాయి చదివిన స్కూల్లో టై మర్చిపోతే 50 అనేవాళ్లు, ఒకాయన రసీదు పుస్తకం ఎక్కడుందని అడిగాడు, ఆ తర్వాత ఆ ఏడాదంతా ఎవరి టై గురించీ ఎవరూ అడగలేదు. మీరు రెండొందలు కట్టేస్తే అత్తగారికి శాంతి, నిజమే. కాని రేపు కొప్పుపిన్ను నల్లగా లేదనీ, రిబ్బను వెడల్పు తక్కువైందనీ ఇంకో రెండొందలు వస్తుంది.

వాళ్లు ఒప్పుకోకపోతే అప్పుడు మండల విద్యాశాఖాధికారి, ఆ పైన డీఈఓ. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు, తిరుపతి 2022లో వేరే జిల్లా అయ్యాక మీరు చిత్తూరు దాకా పోవాల్సిన పని కూడా లేదు. స్టాంపు వేయించుకున్న ఆ కాపీ అక్కడ పనికొస్తుంది. వీడియో అక్కడ పనికిరాదు, పైగా అది చూస్తే మీవాళ్లే గొడవ పెట్టుకున్నట్టు కనిపిస్తుంది.

కేసు మాట మీ ఆయన కోపంలో అని ఉంటారు. యూనిఫాం విషయాలు కోర్టుకు పోతే ఎంత కాలం పడుతుందో కర్ణాటక హిజాబు కేసులో చూశాం, 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలూ చెరొక తీర్పు ఇచ్చారు, ఇంకా పెద్ద బెంచికి పోవాలన్నారు. కాలం మాత్రం ఆ పిల్లల చదువు కోసం ఆగదు కదా. గోరింటాకు అంత దూరం తీసుకుపోవాల్సిన విషయం కాదు, అక్కడిదాకా పోయేసరికి మీ పాప ఇంటర్ రాస్తుంటుంది.

గ్రూపులో సంప్రదాయం అన్న మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఈ విషయాన్ని మతం గొడవ కానివ్వకండి. రంజానుకు మెహందీ పెట్టుకొచ్చిన పిల్లకూ ఇదే జరుగుతుంది, ఆ ఇద్దరు పిల్లల్లో ఒకరు ఆ ఇంటివాళ్లేమో మీకు తెలుసా? గ్రూపులో అట్లా రాసినవాళ్లకు మీ పాప కంటే వాళ్ల మాటే ముఖ్యం. అయినా స్కూలుకు ఒక మాట అడగొచ్చు, మెత్తగా. మన ఊళ్లో ఏ క్లాసుకైనా పొండి, కొండకు పోయి తలనీలాలిచ్చి వచ్చిన గుండు ఒకటైనా కనపడుతుంది, ఎవరూ ఏమీ అనరు, జుట్టు వచ్చేదాకా రావద్దని రాయరు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలను నల్లబట్టల్లో రానిచ్చే స్కూళ్లున్నాయి, కాసేపు పేచీ పెట్టి తర్వాత రానిస్తాయి. తలకు దొరికిన మన్నింపు చేతులకు ఎందుకు దొరకదు? ఇది వాదన కోసం కాదు, "మీరు ఇంతకుముందే ఇట్లాంటివి సర్దుకున్నారు, ఇదీ సర్దుకోండి" అని చెప్పడానికి.

డబ్బు విషయం దీనితో కలపొద్దని పైనే అన్నాను. ఇది మీ ఒక్కరిది కాదు, క్లాసులో నలభై ఇళ్లది, కాబట్టి ఒక్కరే పోయి అడిగితే "మీకు భారమైతే వేరే స్కూలు చూసుకోండి" అంటారు, పదిమంది పోతే కాఫీ ఇస్తారు. గ్రూపులో కాదు, ఫోన్ చేసి పిలవండి, ఎవరూ వీడియో తియ్యరన్న షరతు మీద. అడగాల్సింది యూనిఫాం తీసెయ్యమని కాదు. గుడ్డ రంగు, షేడు నంబరు, నమూనా ముక్క నోటీసు బోర్డులో పెట్టమనండి, బ్యాడ్జి మాత్రం స్కూల్లో అమ్ముకోమనండి, కుట్టించుకునేది ఎక్కడైనా మా ఇష్టం అనండి. మార్చేటప్పుడు కనీసం ఒక ఏడాది ముందు చెప్పి, పాతది చిరిగేదాకా వేసుకోనివ్వమనండి. ప్రైవేటు స్కూళ్ల ఫీజులు చూడటానికి 2019లో చట్టం చేసి రాష్ట్రంలో ఒక కమిషన్ పెట్టారు, పదిమంది సంతకాలు ఉన్న కాయితం అక్కడికీ పంపొచ్చు, కాని ముందు స్కూల్లో అడిగాకే.

నగరి, పుత్తూరు మగ్గాల ఊళ్లు పక్కనే పెట్టుకుని మనం ఎక్కడో కుట్టి ప్లాస్టిక్ కవర్లో వచ్చిన రెడీమేడ్ కొంటున్నాం, దాంట్లో నాకు నచ్చనిది ధర ఒక్కటే కాదు. ఆ స్కర్టు అడుగు తిప్పి చూడండి, మడత అరంగుళం ఉంటుంది, పక్కల కుట్టు దగ్గర విప్పడానికి గుడ్డే ఉండదు. ఏడో తరగతి ఆడపిల్ల జూన్‌లో ఒక ఎత్తు, జనవరికి ఇంకో ఎత్తు. మన వీధి టైలరైతే అడగకుండానే అడుగున మూడంగుళాలు మడిచి కుడతాడు, సంక్రాంతికి కుట్టు విప్పి ఒక ఇస్త్రీ వేస్తే మళ్లీ కొత్తదే. మా పిల్లల స్కర్టుల మీద ఏ ఏడాది ఎంత విప్పామో ఆ గీతలు కనపడేవి, ముదురు నీలం మీద ఇంకా ముదురు గీత. ఇప్పుడు కొన్న రెండు జతలను ఏమీ చెయ్యలేరు, వాడెయ్యండి. వచ్చే ఏడాది కోసం ఇప్పుడే అడగండి, మే నెలలో అడిగితే ఆర్డరు ఇచ్చేశాం అంటారు.

టీసీ గురించి అడిగారు. ఇప్పుడొద్దు. పాప "ఆ స్కూలు నాకొద్దు" అని అక్టోబరులో కూడా అంటే అప్పుడు మాట్లాడుకుందాం, అప్పటికి కారణం వేరేది బయటపడవచ్చు. నాలుగు రోజుల కోపం మీద మార్చిన స్కూల్లో మళ్లీ ఒక పీఈటీ సార్ ఉంటాడు, ఆయనకూ ఒక గేటు ఉంటుంది.

పాపను ఇంకా ఇంట్లో కూర్చోబెట్టకండి. రోజులు పెరిగే కొద్దీ ఆ గుమ్మం ఎత్తు పెరుగుతుంది. శనివారంలోగా ప్రిన్సిపాల్‌ను కలిసి రండి, ఆ ఇద్దరు పిల్లల అమ్మలకు ఫోన్ చేసి సోమవారం ముగ్గురూ కలిసి వెళ్లేటట్టు చూడండి, ఆటోలో అయినా సరే, వాన లేకపోతే నడిచే పోనివ్వండి. అమ్మమ్మకు కూడా ఒక ఫోన్ కొట్టండి, నా వల్లే అయిందని చిత్తూరులో కూర్చుని బాధపడుతూ ఉంటుంది. వచ్చే ఆషాఢానికి మళ్లీ చేతులకే పెట్టుకోవాలా, చేతులకు మాని కాళ్లకు పెట్టుకోవాలా, అది పాపా అమ్మమ్మా తేల్చుకుంటారు. (కాళ్లకయితే సాక్సు ఉంటుంది, ఎవరికీ కనపడదు. మా మనవరాలి ఐడియా ఇది, నాది కాదు.)

స్టాంపు వేసిన కాయితం జెరాక్స్ ఒకటి డైరీలో, ఆ రూల్స్ పేజీ పక్కనే పిన్ను కొట్టి పంపండి. గోళ్ల రంగు ఇంకా ఉంటుంది. సోమవారం ప్రేయర్‌లో చేతులు చాపమంటే పాప ఒక చెయ్యి చాపి, రెండో చేత్తో డైరీ ఇస్తుంది.